ఎర్రనది పక్క రహదారిలో రెండు సైనిక ట్రక్కులు

టెక్సస్ రాష్ట్రపు ఈశాన్య మూలన, టెక్సర్కానా పట్టణానికి కొద్ది దూరం పడమరగా, 1941లో నెలకొల్పిన రెడ్ రివర్ ఆర్మీ డిపో ఉంది. అమెరికా సైన్యపు వాహనాలకు మరమ్మతులు చేసే పెద్ద కేంద్రాలలో అది ఒకటి. అక్కడ పనిచేసి రిటైరైన మెకానిక్కులు చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది స్థిరపడ్డారు. బానమ్ పట్టణం దగ్గర పొలం ఉన్న మా బావగారు వారిలో ఒకరి వద్ద, న్యూ బోస్టన్ ఊరి శివారులో, ఒక పాత ఎం35ఎ2 ట్రక్కును కొన్నారు. దాని ఇంధనపు పంపు బిగుసుకుపోయి ఇంజిను తిరగడం లేదు. నూరు మైళ్ళకు పైగా ఉన్న దూరాన్ని తన దగ్గరున్న ఎం923 ట్రక్కుకు తగిలించి దాటించాలని ఆయన నిశ్చయించుకున్నారు. వెనుక పికప్ నడుపుతూ కాపలాగా వచ్చే బాధ్యత నాకు అప్పగించారు.

ఈ రెండు బళ్ళను గురించి కొంచెం చెప్పాలి. ఎం35 వరుస ట్రక్కుల మూల రూపం 1950 ప్రాంతంలో రియో సంస్థ చేసినది. ఆరు చక్రాలకూ చోదకశక్తి అందే ఈ బండిని అక్కడి సైనికులు ‘డ్యూస్ అండ్ ఎ హాఫ్’ అంటారు, అంటే రెండున్నర టన్నుల బండి. ఆ బరువు దారిలేని నేల మీద అది మోయగలిగినది. మంచి రోడ్డు మీద అయిదు టన్నుల దాకా మోస్తుంది. ఎ2 రకంలోని 7.8 లీటర్ల ఇంజిను డీజిలుతో, కిరోసిన్‌తో, విమాన ఇంధనంతో, తప్పనిసరైతే పెట్రోలుతో కూడా నడిచేలా తయారైంది. ఖాళీ బండి బరువు దాదాపు 13 వేల పౌండ్లు, అంటే ఇంచుమించు 5,900 కిలోలు. ఎం923 అయిదు టన్నుల తరగతిది; 14 లీటర్ల కమ్మిన్స్ ఇంజిను, ఆటోమేటిక్ గేర్‌బాక్సు, సంపూర్ణ ఎయిర్ బ్రేకులు ఉన్న బండి. అది 21 వేల పౌండ్లకు పైగానే తూగుతుంది.

బావగారి షెడ్డులో నడుస్తున్న ఎం35ఎ2 మరొకటి ఉంది. దానితోనే లాగవచ్చు కదా అని నేను అడిగాను. ఆయన నన్ను ఆ బండి డాష్‌బోర్డు దగ్గరికి తీసుకువెళ్ళి అక్కడ బిగించి ఉన్న లోహపు పలకను చూపించారు. లాగదగిన బరువు రోడ్డు మీద 10 వేల పౌండ్లు, రోడ్డు లేనిచోట 6 వేలు అని దాని మీద ఉంది. “ఇంజిను లాగుతుందోయ్, అందులో సందేహం లేదు. 13 వేల పౌండ్లు వెనక నుంచి తోస్తుంటే ఆగగలదా అన్నదే ప్రశ్న,” అన్నారు. లాగే బండి లాగబడే బండికన్నా బరువుగా ఉండాలన్నది ఆయన ఏనాడూ సడలించని నియమం. వెనుక బండి తేలికైతే వాలులోనూ మలుపులోనూ ముందు బండిని పక్కకు నెట్టలేదు. అది బరువైతే నడిపేవాడి చేతిలో ఏమీ మిగలదు. ఇద్దరం ఆ ప్రయాణమంతటా తీసుకున్న ప్రతి నిర్ణయమూ ఈ ఆపడమనే సంగతి చుట్టూనే తిరిగింది.

ట్రక్కును అమ్మిన పెద్దాయన ఇంటి వెనుక పెరట్లో తగిలించే పని తెల్లవారగానే మొదలైంది. బండి కిందికి దూరకముందే ఆయన నాలుగు చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు వేయించారు. నేల చదునుగానే ఉంది, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి ఉంది, కాబట్టి ఇంత జాగ్రత్త అవసరమా అని నాకు అనిపించింది. ఆయన చెప్పిన కారణం విన్నాక ఆ పెరట్లో అంతకన్నా ముఖ్యమైన పని మరొకటి లేదని అర్థమైంది. ఎం35ఎ2లో హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టుకోదు. ఇంజిను శక్తిని ముందు, వెనుక యాక్సిళ్ళకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు అనే పళ్ళచక్రాల పెట్టె వెనుక ఉన్న డ్రమ్మును పట్టుకుంటుంది. అక్కడి నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు అనే తిరిగే ఉక్కు దండం ద్వారానే ఆ పట్టు వెనుక చక్రాలకు చేరుతుంది. దూరం లాగాలంటే ఆ షాఫ్టునే విప్పాలి. దాని చివరి బోల్టు ఊడిన క్షణంలో హ్యాండ్ బ్రేకు ఉన్నా లేనట్టే. కింద పడుకున్న మనిషి మీదుగా 13 వేల పౌండ్ల బండి దొర్లిపోవడానికి చిన్న వాలు చాలు. ఈ ఒక్క విషయం తెలియక ప్రాణం మీదికి తెచ్చుకునే అవకాశం ఉంది గనుక పాత సైనిక ట్రక్కు కొనాలని ఉత్సాహపడే వారెవరికైనా నేను మొదట చెప్పే మాట ఇదే.

షాఫ్టును ఎందుకు విప్పాలన్నది కూడా తెలుసుకోదగినదే. చక్రాలు తిరిగినంత సేపూ అవి షాఫ్టును, అది ట్రాన్స్‌ఫర్ కేసును తిప్పుతూనే ఉంటాయి. నడవని బండిలో గంటల తరబడి అలా తిరగడానికి ఆ పళ్ళచక్రాలను ఉద్దేశించలేదు. పైగా న్యూట్రల్‌లో ఉంచిన లీవరు ఏ కుదుపుకో జారి గేరులో పడితే బిగుసుకుపోయిన ఇంజిను వెనుక చక్రాలను ఒక్కసారిగా పట్టేయవచ్చు. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి మొదటి వెనుక యాక్సిలుకు వెళ్ళే షాఫ్టును, ముందు యాక్సిలుకు వెళ్ళే షాఫ్టును విప్పి ఎం923 తొట్టిలో తాళ్ళతో కట్టాము. రెండు వెనుక యాక్సిళ్ళ మధ్య ఉన్న షాఫ్టు ఉన్నచోటే ఉండిపోయినా నష్టం లేదు. అది ఆ రెండింటితో కలిసి తిరుగుతుంది, అంతే. బోల్టులను, నట్టులను గుడ్డ సంచిలో వేసి, సంచిని స్టీరింగ్ చక్రానికి కట్టాము. ఈ బళ్ళకు స్టీరింగ్ తాళం ఉండదు, అసలు తాళంచెవే ఉండదు. ఒక మీటతో ఇంజినుకు కరెంటు అందుతుంది. లాగే బండి వెంట ముందు చక్రాలు వాటంతట అవి తిరగడానికి అది ఎంతో అనుకూలం.

టో బార్ అంటే వీ ఆకారంలో రెండు బలమైన కాళ్ళున్న ఉక్కు దూలం. ఆ కాళ్ళు వెనుక బండి ముందు బంపరు వద్ద ఉన్న షాకిళ్ళు అనే ఉక్కు కొంకీలకు పిన్నులతో తగులుకుంటాయి, కొసన ఉన్న కడియం ముందు బండి వెనుక ఉండే, నోరు మూసుకునే పింటిల్ హుక్కు అనే కొక్కెంలో కూర్చుంటుంది. హుక్కు నోరు మూసి, గొళ్ళెం పడిందని కంటితో చూసి, అది పైకి లేవకుండా కాటర్ పిన్ను దూర్చాలి. దాని తరువాత గొలుసులు. అర అంగుళం మందం ఉన్న గ్రేడ్ 70 గొలుసు ఒక్కొక్కటి 11,300 పౌండ్ల వరకు భరించగలదని గుర్తింపు పొందినది. అటువంటివి రెండింటిని బార్ కింద ఒకదానికొకటి అడ్డంగా దాటించి కట్టాము. బార్ ఊడి కింద పడితే ఆ గొలుసులే దానిని నేలకు గుచ్చుకోకుండా పట్టి ఉంచాలి. ఉత్త గొలుసుతోనో తాడుతోనో లాగడం వేరు సంగతి; ఆపే శక్తి వాటికి లేదు. బార్ అయినా గొలుసు అయినా 15 అడుగులు మించరాదనీ, గొలుసో తాడో అయితే దాని మీద కనీసం 12 అంగుళాల చదరపు తెల్ల గుడ్డ కట్టాలనీ టెక్సస్ చట్టం చెబుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నది గాలి గొట్టాల పని. ఎం35ఎ2 బ్రేకులు నూనెతో పనిచేస్తాయి, గాలి వాటికి బలం చేకూరుస్తుంది. ముందు బంపరు పక్కన ఉండే కప్లింగుల అమరిక బండికీ బండికీ మారుతుంది గనుక గొట్టాలు తగిలినంత మాత్రాన బ్రేకు పడుతుందని నమ్మడానికి పెద్దాయన ఒప్పుకోలేదు. ఎం923లో గాలి ఒత్తిడి చూపే ముల్లు నిండుగా లేచి నిలబడ్డాక ఇంజిను ఆపించి, ముల్లు పడిపోతున్నదేమోనని చూశారు. ఆ తరువాత వెనుక బండి యాక్సిళ్ళను ఒక్కొక్కటిగా జాకీతో లేపించి, బావగారు ముందు బండి పెడలు తొక్కినప్పుడు నేను చక్రాలను చేత్తో తిప్పి చూడాలన్నారు. అన్ని చక్రాలూ కదలకుండా నిలిచాయి, పెడలు వదలగానే తిరిగాయి. ఒక చక్రం మాత్రం మిగతావాటికన్నా బరువుగా తిరిగింది. ఆయన దానిని గుర్తు పెట్టుకొమ్మన్నారు.

వెనుక దీపాల విషయంలోనూ ఒక చిక్కు ఉంది. ఈ ట్రక్కుల విద్యుత్తు 24 వోల్టులది. సాధారణ దుకాణాలలో దొరికే 12 వోల్టుల లాగుడు దీపాలు దానికి తగిలిస్తే మాడిపోతాయి. బావగారు 24 వోల్టుల ఎల్‌ఈడీ దీపాలను తెచ్చి వెనుక తొట్టికి అమర్చారు. ఎం35ఎ2లో ఎవరినీ కూర్చోనివ్వలేదు. నాకు అందులో కూర్చోవాలని మనసులో ఉన్నా, బార్ తెగితే ఆ మనిషి చేయగలిగింది ఏమీ ఉండదని ఆయన ఖండితంగా చెప్పారు.

వేగం గురించి బావగారు ఒక పాత నివేదికను ప్రస్తావించారు. 1999లో అమెరికా ప్రభుత్వ జనరల్ అకౌంటింగ్ ఆఫీసు ఎం939 వరుస ట్రక్కుల ప్రమాదాలను పరిశీలించింది; ఎం923 ఆ వరుసలోనిదే. సైన్యపు మోటారు వాహనాలలో అవి సుమారు 9 శాతమే అయినా, లోపలివారు మరణించిన ప్రమాదాలలో 34 శాతం వాటివేనని తేల్చింది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరగడం ముఖ్య కారణాలలో ఒకటి. సైన్యం వేగాన్ని గంటకు 40 మైళ్ళకు కుదించి, యాంటీలాక్ బ్రేకులు, రేడియల్ టైర్లు అమర్చే పని చేపట్టింది. ఒంటరి బండికే ఆ హద్దు ఉన్నప్పుడు, వెనుక మరొకటి తగిలించిన మేము 35 దాటకూడదని, వాన పడితే ప్రయాణం మానుకోవాలని ముందే అనుకున్నాము. అందుకే బళ్ళు వేగంగా పోయే ఇంటర్‌స్టేట్ 30 రహదారి మీదికి పోలేదు. లాగబడే బండి బరువు 10 వేల పౌండ్లు మించి, రెండూ కలిపి 26 వేలు దాటితే ఈ రాష్ట్రంలో భారీ బళ్ళు నడిపేవారికి ఇచ్చే క్లాస్ ఎ లైసెన్సు కావాలి. బావగారికి అది ఉంది.

యుఎస్ 82 రహదారి ఎర్రనదికి దక్షిణంగా, ఇంచుమించు దానికి సమాంతరంగా, పడమరకు సాగుతుంది. న్యూ బోస్టన్ దాటాక ఇరువైపులా పైన్ చెట్లు చిక్కగా ఉన్నాయి. అయిదు మైళ్ళ తరువాత మొదటిసారి ఆగి, పిన్నులూ గొలుసులూ చూసి, ప్రతి చక్రపు డ్రమ్మునూ వేడి కొలిచే పరికరంతో పరీక్షించాము. పెద్దాయన గుర్తు పెట్టుకొమ్మన్న చక్రమే మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంది. బావగారు దాని బ్రేకు షూ సర్దుబాటు బోల్టును కొంచెం వదులు చేశారు. డి కాల్బ్‌లో మళ్ళీ చూసేసరికి అన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి. ఆ వేడిని గమనించకుండా మరో యాభై మైళ్ళు పోయి ఉంటే డ్రమ్ములోని గ్రీజు కరిగి, చక్రం అంటుకునే ప్రమాదం ఉండేది.

ఎవరీ, అనోనా వంటి చిన్న ఊళ్ళను దాటుతున్నంతసేపూ నా చూపు బార్ మీదే నిలిచింది. వెనుక నుంచి చూస్తే ఆ రెండు బళ్ళ నడక చక్కగా తెలుస్తుంది. ఎక్కుడులో బార్ బిగువుగా లాగబడుతుంది, దిగుడులో వెనుక బండి కొద్దిగా ముందుకు తోస్తుంది, బావగారు ముందుగానే వేగం తగ్గించుకుంటే ఆ తోపు అసలు కనబడదు. మా వెనుక వరుసగా కార్లు చేరినప్పుడు, వెడల్పైన అంచు కనిపించగానే రేడియోలో చెప్పేవాడిని. ఆయన పక్కకు తీసి దారి ఇచ్చేవారు. క్లార్క్స్‌విల్ సమీపంలో గడ్డి మోపులు మోస్తున్న ఒక ట్రాక్టరు పక్క దారి నుంచి చూసుకోకుండా రహదారి మీదికి వచ్చింది. ఎం923 ముక్కు వంగింది. అదే క్షణంలో ఎం35ఎ2 ముక్కు కూడా వంగింది. రెండు బళ్ళూ ఒకే గీత మీద, బార్ అణువంతైనా పక్కకు మళ్ళకుండా, ట్రాక్టరుకు చాలా దూరంలోనే నిలిచాయి. పొద్దున గాలి గొట్టాల దగ్గర గడిపిన సమయమంతా అక్కడ ఫలించింది. వెనుక బండికి బ్రేకు లేకపోతే ఆ బరువంతా పింటిల్ హుక్కు మీదికి వచ్చి, ముందు బండి వెనుక భాగాన్ని పక్కకు ఎత్తి ఉండేది.

ఇలా తగిలించిన బళ్ళను వెనక్కి నడపడం సాధ్యం కాదు. వెనక్కి తోస్తే లాగబడే బండి ముందు చక్రాలు తమకు తోచిన వైపు పూర్తిగా మళ్ళిపోతాయి, బార్ వంగి బంపరును నలిపేస్తుంది. కనుక ఒక వైపు నుంచి ప్రవేశించి మరో వైపు నుంచి బయటపడగల చోట మాత్రమే ఆగాలి. దారిలో నీడా కాఫీ ఉన్న రెండు పెట్రోలు బంకులను ఈ కారణంగానే వదులుకున్నాము. పెద్ద లారీల కోసం కట్టిన బంకు వచ్చే దాకా బావగారు దాహం ఓర్చుకున్నారు. పారిస్ పట్టణంలో ఎర్రటి కౌబాయ్ టోపీ పెట్టుకున్న ఈఫిల్ టవర్ నమూనా ఉంది. నాకు చూడాలని ఉన్నా, ఊరి లోపలి ఇరుకు మలుపులు మాకు పనికిరావు గనుక లూప్ 286 మీదుగా చుట్టి వెళ్ళాము.

పారిస్ దాటి హనీ గ్రోవ్ వైపు పోతుంటే పైన్ చెట్లు పూర్తిగా మాయమై, నల్లటి బంకమట్టి నేలలు పరుచుకున్నాయి. ఎండకు నెర్రెలు విచ్చి వానకు ఉబ్బే ఈ నేల మన నల్లరేగడికి దగ్గర బంధువే. ఇక్కడా ఒకప్పుడు పత్తి విరివిగా పండేది. గుంటూరు జిల్లాలో పెరిగిన బావగారు ఇక్కడ పొలం కొనడానికి ఆ మట్టే కారణమని ఎప్పుడూ చెబుతారు. ఆ మట్టి మాకు ఒక నియమం కూడా పెట్టింది. తడిసిన రేగడిలో దిగబడిన రెండు ట్రక్కులను తీయడం మాటలు కాదు కాబట్టి, పొలంలో కంకర పరిచిన చోటు దాటి లోపలికి పోకూడదనుకున్నాము.

బానమ్ దగ్గర పొలం గేటును వెడల్పుగా తీసుకుని తిరిగి, కంకర మీద నిలిపాక, విప్పే పని తగిలించిన క్రమానికి తలకిందులుగా సాగింది. మొదట ఎం35ఎ2 చక్రాలకు దిమ్మెలు వేశాము, ఎందుకంటే గాలి గొట్టం తీసిన మరుక్షణం నుంచి దానిని పట్టి ఉంచేది అవి మాత్రమే. తరువాత గాలి గొట్టాలు, దీపాల తీగలు, గొలుసులు తీశాము. బార్ పిన్ను సుత్తి దెబ్బకు కూడా కదలలేదు. బావగారు నన్ను దూరంగా నిలబడమని, ఎం923ను అంగుళం వెనక్కి జరిపి బిగువు వదులు చేశారు, పిన్ను చేతికే వచ్చింది. బిగువులో ఉన్న పిన్నును కొట్టి ఊడదీస్తే బార్ ఎగిరి కాళ్ళ మీద పడుతుంది. ఆ సాయంత్రమే రెండు షాఫ్టులనూ తిరిగి బిగించి, హ్యాండ్ బ్రేకు పట్టిందని చూసుకున్న తరువాతనే ఆయన దిమ్మెలు తీయనిచ్చారు.