ఖాళీ గడికి సగం మార్కు

మన కళాశాలలో భూగోళశాస్త్రం ఒక సబ్జెక్టుగా తీసుకొని 1990ల తొలినాళ్లలో బి.ఏ. చదివినవారిలో నేనూ ఒకడిని. ఆ మూడేళ్లలో చదివిన పేపర్లలో కొన్నింటి పేర్లు కూడా ఇప్పుడు వెంటనే గుర్తుకు రావు గానీ, సముద్రశాస్త్రం మొదలుపెట్టిన రోజున మా సారు నల్లబల్ల మీద రాసిన నియమాలను మాత్రం ఈ రోజుకీ తడుముకోకుండా చెప్పగలను. ఈ సంచికకు వ్యాసం రాస్తున్నానని తెలిసి, తన పేరు వద్దని, పాఠం గురించి రాస్తే చాలని ఆయన కోరారు కనుక ఇందులో ఆయనను సారు అనే ప్రస్తావిస్తాను.

మా తరగతిలో అప్పటికి సముద్రాన్ని చూసినవారు ఇద్దరే. సారు మొదటి వారంలోనే మమ్మల్ని నల్లగొండ పక్కనున్న పానగల్లు తీసుకెళ్లి, కందూరు చోడుల కాలం నాటి చెరువు కట్ట మీద నిలబెట్టి, దీని పేరే ఉదయసముద్రం కనుక మన కొలతలు ఇక్కడే మొదలవుతాయని చెప్పారు. ఇప్పుడు ఆ చెరువులోకి కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, అప్పట్లో వానలు పడితేనే నిండేది.

ఏడాది చివర జరిగే పరీక్ష విశ్వవిద్యాలయానిది. తరగతి పనికి మాత్రం సారు నూటికి తనదైన లెక్క పెట్టుకున్నారు. కొలతల నోటుబుక్కుకు 40, రికార్డుకు 30, నోటి ప్రశ్నలకు 20, నడవడికకు 10. రంగు పెన్సిళ్లతో సమలోతు రేఖలు ముచ్చటగా గీసిన రికార్డు కన్నా మట్టి మరకలంటిన నోటుబుక్కుకు ఎక్కువ మార్కులేమిటని మాలో చాలామంది నొచ్చుకున్నాం. రికార్డును ఇంట్లో తీరిగ్గా కూర్చొని దిద్దుకోవచ్చు, పక్కవాడిది చూసి దించుకోనూ వచ్చు. నీళ్ల మీద నిలబడి రాసిన అంకెకు ఆ వీలు ఉండదన్నది సారు సమాధానం. నోటుబుక్కులో పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే కింద అంకె కనబడేటట్టు ఒకే గీత కొట్టి, పక్కన పొడి అక్షరాల సంతకం చేయాలి. ప్రతి కొలత పక్కన వేళ రాయాలి. ప్రమాణం రాయని అంకెకు మార్కు లేదు.

ఈ చివరి నియమం ఎందుకో ఉప్పు పాఠం చెప్పిన రోజున తెలిసింది. సముద్రపు నీటిలో సగటున కిలోకు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. పదో తరగతి నుంచి పాసు మార్కుగా ఎరిగిన అంకె కావడంతో అది ఇట్టే గుర్తుండిపోయింది. 1872 నుంచి 1876 దాకా సముద్రాలు తిరిగిన బ్రిటిష్ పరిశోధన నౌక చాలెంజర్ తెచ్చిన 77 నీటి నమూనాలను రసాయనశాస్త్రవేత్త విలియం డిట్‌మార్ పరీక్షించి, మొత్తం ఉప్పు ఎక్కువైనా తక్కువైనా అందులోని ముఖ్య లవణాల పాళ్లు మాత్రం దాదాపు మారవని 1884లో చూపించాడు. దీన్ని వివరించాక సారు ఫ్లోరైడ్ దగ్గరికి వచ్చారు. సముద్రపు నీటిలో అది లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములు. తాగునీటికి పై హద్దు 1.5. మన జిల్లాలో ఎన్నో బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక మిత్రుడు ఆ మాట విని తలదించుకొని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంకరపోతాయి. వాళ్ల నాన్నగారు అప్పటికే నడుం వంగి నడుస్తున్నారు. మిల్లీగ్రాము రాయవలసిన చోట గ్రాము అని రాస్తే తప్పు వెయ్యి రెట్లని ఆ తరువాత మాకెవరూ చెప్పవలసిన అవసరం రాలేదు.

అన్నింటికన్నా కఠినమైన నియమం ఒకటి ఉంది. ఏ కారణం చేతనైనా కొలత తీయలేకపోతే గడి ఖాళీగా వదిలి, పక్కన కారణం రాస్తే సగం మార్కు. ఊహించి నింపితే ఆ పేజీ మొత్తానికి సున్నా. ఆ సున్నా నాకు వచ్చింది.

లోతు కొలవడానికి సారు ఒక జనపనార తాడుకు బారకొక గుడ్డ పీలిక కట్టించారు. చాచిన రెండు చేతుల నిడివి మన బార. పాత నావికుల లెక్కా అదే, ఆరడుగులు. తాడు కొసన ఇనుప తూకపు గుండు, గుండు అడుగున గ్రీజు. గుండు నిజంగా అడుగు తాకితే అక్కడి బురదో, ఇసుకో, గులకో గ్రీజుకు అంటుకొని పైకి వస్తుంది. ఏమీ అంటకపోతే ఆ కొలత చెల్లదు. చాలెంజర్ వాళ్లు 1875లో మరియానా అగాధం దగ్గర 4,475 బారలు కొలిచింది కూడా తాడూ గుండూ దించేనని సారు చెప్పినప్పుడు, మా చేతిలోని తాడుకు ఎక్కడలేని గౌరవం వచ్చింది.

చేపలు పట్టే ఒక పెద్దాయన తెప్ప మీద మమ్మల్ని ఇద్దరిద్దరిగా తిప్పాడు. మా వంతులో ఏడో చోటికి వచ్చేసరికి గాలి లేచి తెప్ప నిలవలేదు. ఆరో చోట రెండున్నర బారలు, ఎనిమిదో చోట రెండు. నడుమ రెండుంబావు ఉంటుందని నేనే లెక్కగట్టి, అడుగున బురద అని కూడా రాసేశాను. సాయంత్రం నోటుబుక్కులు చూస్తూ సారు ఆ వరుస దగ్గర ఆగి, తెప్ప పెద్దాయనను పిలిచి అడిగారు. “ఆడ బురదేడిది సారూ, బండ గదా. మా వలలు చినిగేది గాడ్నే” అన్నాడాయన. సారు కోపగించుకోలేదు. మరునాడు నన్ను మళ్లీ అక్కడికే పంపారు. గుండు బారన్నర లోపే టక్కున తగిలింది. గ్రీజుకు రెండు ఇసుక రేణువులు తప్ప ఏమీ అంటలేదు. ఎర్ర సిరాతో పేజీకి సున్నా వేసి, దాని కిందనే కొత్త కొలతను నా చేతే రాయించారు.

ఆయన నియమాలన్నీ సరైనవేనని నేను అనను. పది దాటి పది నిమిషాలయితే లోపలికి రానివ్వకపోవడం ఊళ్ల నుంచి వచ్చేవారికి అన్యాయం. మునుగోడు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఒకరోజు గుమ్మం దగ్గరే నిలబడి, “సార్, మా ఊరికి ఒక్కటే బస్సు. అది ఎప్పుడొస్తే అప్పుడే గద సార్ మేమొచ్చేది” అంది. సారు ఆ రోజు బదులివ్వలేదు. మరునాడు నల్లబల్ల మీద ఆ నియమాన్ని కూడా తుడవకుండా ఒకే గీత కొట్టి, పక్కన తన పొడి అక్షరాలు వేసి, బస్సు దిగిన పది నిమిషాలకు అని మార్చి రాశారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తన ఉత్తర్వును అలా దిద్దుకున్న మరో మనిషిని నేను చూడలేదు.

రికార్డు దించుకుంటే ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ సున్నాయే అన్న నియమాన్ని మాత్రం ఆయన సడలించలేదు. ఇచ్చినవారి మీద అంత దండన ఎక్కువని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

నడవడిక మార్కులు తేలింది సూర్యలంకలో. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, గుంటూరు మీదుగా బాపట్ల చేరి, పౌర్ణమి నాటికి తీరంలో ఉన్నాం. మోకాలి లోతు దాటకూడదు, జంట విడవకూడదు, మత్స్యకారులను అడగకుండా వల ముట్టకూడదు. ఇసుకలో పాతిన కర్ర మీద అరగంటకోసారి నీటిమట్టం రాశాం. పోటు మరునాడు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా రావడం మా అంకెల్లోనే కనబడింది. నడుము లోతుకు వెళ్లిన ఒక మిత్రుడికి పదికి పదీ పోయాయి. అతణ్ని వెనక్కి పిలవని జంటవాడికి ఐదు.

నేను ఇప్పుడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. నిరుడు తొమ్మిదో తరగతి పిల్లలతో ఊరి బావి నీటిమట్టం నెల పొడుగునా రాయించాను. ఒక పాప పుస్తకంలో నాలుగు రోజుల గడులు ఖాళీగా ఉన్నాయి. పక్కన “అమ్మమ్మ చనిపోయింది, ఊరికి పోయినం” అని రాసి ఉంది. సారు లెక్క ప్రకారం ఆ నాలుగింటికీ సగం మార్కులు వేయాలి. నేను పూర్తిగా వేశాను. మొన్న ఫోనులో ఆ సంగతి చెబితే, ఆ పాప పుస్తకం ఒకసారి తనకు చూపించమని సారు అడిగారు.