ఎర్ర డబ్బా

పదకొండున్నర దాటింది. ఆయన ఒకసారి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, నా మొహం చూసి ఏమీ అడక్కుండానే వెళ్ళి పడుకున్నారు. చిన్నది ఎప్పుడో నిద్రపోయింది. నేను మాత్రం ఒక ఎర్ర డబ్బా గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

నేను గుండె డాక్టర్ని. నా ఫోన్లో గుండె వాల్వుల, అంటే కవాటాల, లెక్కలు చేసే యాప్ ఒకటుంది, ఇదివరకే ఎన్నోసార్లు తిట్టాను దాన్ని. రెండు వారాలకోసారి నన్ను మర్చిపోయి, కొత్త మనిషినైనట్టు మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇవాళ దాని మీద ఇంకో కోపం.

మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చారు, కూతుర్ని తోడు తెచ్చుకుని. 72 ఏళ్ళు. మెట్లెక్కితే ఆయాసం, అదీ రోజూ కాదట. ఎకో, అంటే గుండె స్కాన్, నేనే చేశాను. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే దారిలో ఉండే అయోర్టిక్ వాల్వ్ సున్నం పట్టి గట్టిపడింది, మూడు రేకులూ బద్ధకంగా కదులుతున్నాయి. రక్తం వేగం సెకనుకు 3.3 మీటర్లు, వాల్వ్‌కి అటూ ఇటూ ఒత్తిడి తేడా, అంటే సగటు గ్రేడియంట్, 26. రెండూ జబ్బు మోడరేట్, అంటే మధ్యస్థం, అనే అంటున్నాయి. సివియర్, అంటే తీవ్రం, అనాలంటే వేగం 4కి, గ్రేడియంట్ 40కి చేరాలి. ఇక మిగిలింది వాల్వ్ ఏరియా, అంటే అది తెరుచుకునే వైశాల్యం. చేత్తో వేసుకోగలిగిన లెక్కే, కానీ యాప్ ఉండగా ఎవరు వేస్తారు? వాల్వ్ కింద దారి వ్యాసం, అంటే మా ఎల్‌వీఓటీ, 1.8 సెంటీమీటర్లు. ఆ దారిలోనూ వాల్వ్ దగ్గరా గుండె ఒక్కసారి కొట్టుకుంటే రక్తం సాగే దూరాలు, అంటే మా వీటీఐలు, 22, 66. కొట్టాను. ఠక్కున ఎర్ర డబ్బా. 0.85, సివియర్.

ఆ అమ్మాయి నా భుజం పక్కనే నిలబడి ఉంది. "ఎర్రగా వచ్చిందేంటి మేడమ్?" అంది.

ఫోన్ పక్కకి తిప్పేశాను. ఆ తిప్పడంతోనే పని చెడింది. దాచానంటే ఏదో ఉందనేగా! పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవారు మూడో గుండీ దగ్గర ఆగిపోయారు. కూతురి వైపు చూశారు గానీ నా వైపు చూడలేదు. "అలాంటిదేం లేదండీ, ఇంకా లెక్క పూర్తి కాలేదు" అన్నాను. అది పూర్తిగా అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

అసలు ఈ రంగులు ఎవరు పెట్టమన్నారు? ఒక చదరపు సెంటీమీటరు లోపుంటే ఎరుపు, దాటితే పసుపు. 0.60 ఉన్నా అదే ఎరుపు, 0.99 ఉన్నా అదే ఎరుపు. 1.01 అవగానే గండం గడిచినట్టు పసుపు. మనిషి గుండె ఆ గీత మీదకి వచ్చి ఆగి, ఇటు దూకనా అటు దూకనా అని ఆలోచిస్తుందా? పైగా దశాంశం తర్వాత రెండంకెలు! నేను ప్రోబ్ పట్టుకుని, మనిషిని ఎడమ పక్కకి తిప్పి, ఊపిరి బిగపట్టమని, మసక మసగ్గా కనిపించే రెండు అంచుల మధ్య గీసిన గీత అది. దాన్ని పట్టుకుని 0.85 అని అంత ధీమాగా చెప్పడానికి దీనికి సిగ్గుండాలి.

గైడ్‌లైన్ల యాప్‌లదీ ఇదే గోల. సివియర్ అని తేలిన 72 ఏళ్ళ మనిషికి గుండె తెరిచే ఆపరేషనా, తెరవకుండా కాలి రక్తనాళం దారిలో కొత్త వాల్వ్ వేసే టావీనా అని అడిగితే, అమెరికా వాళ్ళ 2020 గైడ్‌లైన్ 65 నుంచి 80 మధ్య ఏదైనా సరే, రోగితో కూర్చుని మాట్లాడుకోండి అంటుంది. యూరప్ వాళ్ళు 2021లో 75 దాటితే టావీ అన్నారు, 2025లో దాన్నే 70కి దించారు. ఫోన్లో పాతది ఉండిపోయిందనుకోండి, అదే మనిషికి ఇంకో సమాధానం. సరే, ఆ సంగతి ఇంకోసారి.

ఇంతసేపూ యాప్‌లను తిట్టాను కదా, తిడుతూనే ఆ రాత్రి గుర్తొచ్చింది.

నేను గుండె వైద్యంలో డీఎం చదివే రోజులు. మాకు పాఠాలు చెప్పే సార్, మా చేతిలో ఫోన్ కనిపిస్తే చాలు, "ముందు మెడ మీద చెయ్యి పెట్టమ్మా, నాడి ఎంత నెమ్మదిగా లేస్తోందో చూడు, రెండో శబ్దం వినిపిస్తోందో లేదో విను, ఆ తర్వాత ఆ పెట్టె తెరుద్దువుగాని" అనేవారు. ఒక రాత్రి ఒకావిడని తీసుకొచ్చారు. ఎప్పుడో ఇంకెక్కడో వాల్వ్ మార్పించుకున్నావిడ, ఇప్పుడది పాడై ఊపిరి అందడం లేదు. మళ్ళీ గుండె తెరిచే ఆపరేషన్ తట్టుకునే స్థితిలో లేదు. పాత వాల్వ్ లోపలే కొత్తది వెయ్యాలి. కానీ ఆ పాతది ఏ కంపెనీది, ఏ మోడల్, ఏ సైజు? వాల్వ్ కార్డు లేదు. ఇల్లు మారినప్పుడు ఫైలు పోయిందట. కొడుకుని అడిగితే "జంతువుదండీ, అంతవరకే తెలుసు" అన్నాడు.

నా బ్యాచ్‌మేట్ భయం భయంగా ఫోన్ తీశాడు. లండన్‌లో గుండె సర్జన్‌గా ఉండగా వినాయక్ బాపట్ గారు తయారు చేయించిన 'వాల్వ్ ఇన్ వాల్వ్' యాప్ అది. ఏ వాల్వ్ ఎక్స్‌రే కింద ఎలా కనిపిస్తుందో బొమ్మలుంటాయి. క్యాథ్ ల్యాబ్‌లో, అంటే ఎక్స్‌రే చూస్తూ గుండెలోకి ట్యూబులు పంపే గదిలో, మానిటర్ మీద ఆవిడ వాల్వ్ నీడ: కింద ఒక వలయం, పైన మూడు చుక్కలు. ఫోన్‌ని మానిటర్ పక్కన పెట్టి ఒక్కో బొమ్మా జరుపుతున్నాం. ఇది కాదు. ఇదీ కాదు. ఇందులో చుక్కలు లేవు. వెనక నుంచి సార్ వచ్చింది మేము గమనించలేదు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, వంగి, "వెనక్కి జరుపు. ఆ ముందుది" అన్నారు. అదే. పంది వాల్వ్.

పొద్దున్నే పాత ఆస్పత్రికి ఫోన్ చేస్తే సైజు మాత్రం దొరికింది. అది వినగానే లోపల కూడా అంతే ఉంటుందని నేను అనుకున్నాను. ఉండదు. పెట్టె మీద రాసిన సైజు వేరు, ఫ్రేము లోపలి వ్యాసం వేరు, పంది వాల్వ్ అయితే లోపలున్న రేకుల వల్ల ఇంకో రెండు మిల్లీమీటర్లు తీసేయాలి. ఆ అసలు వ్యాసం యాప్‌లో రాసి ఉంది. దాన్నీ సీటీనీ పక్కపక్కన పెట్టుకునే సార్ కొత్త వాల్వ్ సైజు ఎంచారు. ఆవిడ నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది. సార్ మాత్రం యాప్ గురించి ఒక్క మాటా అనలేదు. వారం తర్వాత నన్ను పక్కకి పిలిచి, "అది నా ఫోన్లో ఎలా వేసుకోవాలి?" అని అడిగారు, ఎవరూ వినకుండా.

రెండు మిల్లీమీటర్లు. ఇవాళ కూడా గొడవంతా అక్కడే.

ఆ తండ్రీ కూతుళ్ళు వెళ్ళాక ఎకో క్లిప్ మళ్ళీ తెరిచి, పెద్దది చేసి ఆ ఎల్‌వీఓటీ వ్యాసం కొలిచాను. 2.0 వచ్చింది. యాప్‌లో పెడితే 1.05, పసుపు. ఇంకోసారి కొలిస్తే 1.9. మళ్ళీ ఎరుపు, 0.95. వ్యాసాన్ని వర్గం చేస్తాం కాబట్టి చిటికెడు తప్పు గుప్పెడవుతుంది. పైగా ఆ దారి గుండ్రంగా ఉందనుకుని వేసే లెక్క ఇది. నిజానికి అది కోడిగుడ్డు ఆకారం, ఎకోలో మాకు ఎక్కువగా చిక్కేది దాని పొట్టి కొలతే. ఇవన్నీ నాకు తెలుసు. పరీక్షల్లో రాశాను కూడా.

ఇంకా సిగ్గుపడాల్సింది ఇప్పుడు. వ్యాసంతో పనిలేని లెక్క ఒకటుంది, రెండు వీటీఐల నిష్పత్తి. 0.25 కన్నా తక్కువైతే సివియర్ అంటాం. ఈయనకి 0.33. యాప్ ఆ సంగతి మధ్యాహ్నమే చెప్పింది, ఎర్ర డబ్బా కిందే, చిన్న బూడిద రంగు అక్షరాల్లో. నేను చూడలేదు. ఆ అమ్మాయి ఎరుపు చూసినట్టే నేనూ ఎరుపే చూశాను.

అయితే తప్పు నాదా? నాదే. అయినా అసలు మాట బూడిద రంగులో చిన్నగా రాసి, అనుమానపు మాట ఎర్రగా పెద్దగా రాసినవాడిది అస్సలు లేదనను.

సాయంత్రం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. అంకెలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు, సీటీలో వాల్వ్ మీద సున్నం ఎంతుందో చూద్దాం, మగవాళ్ళకి స్కోరు 2000 దాటితే సివియర్ వైపు మొగ్గుతాం, నరంలోకి మందు ఎక్కించక్కర్లేని సీటీయే, టెన్షన్ పడకండి అని పది నిమిషాలు చెప్పాను. ఓపిగ్గా వింది. "సరే మేడమ్" అంది. కాసేపాగి, "ఇప్పుడు ఏ రంగులో ఉంది?" అంది.

నాకు వెంటనే మాట రాలేదు. "రంగు పక్కన పెట్టండమ్మా" అన్నాను, మా సార్ గొంతు పెట్టి. అటునుంచి చిన్న నవ్వు వినిపించింది. పోనీలే, నవ్విందిగా.

ఇది రాస్తుండగానే ఫోన్ మోగింది. యాప్‌కి అప్‌డేట్ వచ్చిందట. చిన్న చిన్న లోపాలు సరిచేశారట, రంగులు ఇకపై ఇంకా స్పష్టంగా కనిపిస్తాయట. నొక్కాను. పాస్‌వర్డ్ అడుగుతోంది.