ఏ అన్న?

జులై, ఆదివారం రాత్రి

ఇవాళ పొద్దున్నే తప్పు బుజ్జికి ఫోన్ చేశాను.

"మామకు ఒక మాట చెప్పి బయల్దేరు" అంది అమ్మ. తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు కోసం పరిగెత్తుతూ, ఫోన్‌లో మొదట కనిపించిన బుజ్జిని నొక్కి "వస్తాండా. చిత్తూరులో దిగి టార్పాలిన్ కొనుక్కొని రావాల్నా?" అని అడిగాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "టార్పాలిన్ ఎందుకన్నా? ట్యాంకు మళ్లీ కారతా ఉందా?" అని వినబడింది. మా ప్లంబరు.

నా ఫోన్‌లో నలుగురు బుజ్జిలున్నారు. మామ, ప్లంబరు, ఇస్త్రీ బండాయన, ఇద్దరు పిల్లల తల్లి అయిన మా పిన్ని కూతురు. అందరూ బుజ్జిగా ఉండే వయసు ఎప్పుడో దాటినవాళ్లే.

బుజ్జి మామకైతే అరవై దగ్గర పడుతోంది. బంగారుపాళ్యం పక్కన ఆయనకు కాస్త మామిడి తోట ఉంది. నిన్న సాయంత్రం తోతాపురి లోడు ట్రాక్టరును జ్యూస్ ఫ్యాక్టరీ ముందు వరసలో పెట్టాడు. రాత్రంతా నిద్ర లేదు. నేను వెళ్లి కాపలా కూర్చుంటే ఆయన ఒక కునుకు తీస్తాడు, ఇదీ నా పని.

నేను చేరేసరికి పదకొండయింది. రోడ్డు పక్కన కనుచూపు మేర ట్రాక్టర్లూ మినీ లారీలూ. ఎండకు మగ్గుతున్న కాయల వాసన. రేటు సంగతి రాయను, రాస్తే ఈ పేజీలో ఇంకేమీ పట్టదు. మామ కునుకు తీయలేదు. వినేవాడు దొరికాక ఆయన నిద్రపోగా నేనెప్పుడూ చూడలేదు.

మా వెనక లారీ గుడియాత్తం నుంచి వచ్చింది. దాని యజమాని తమిళాయన, తెలుగు బాగానే మాట్లాడతాడు. ఆ వెనక బండి డ్రైవరుది ముళబాగిలు. కోలారు వైపు వాళ్లకు తెలుగు ఇంటి భాషే కదా, మనకన్నా జోరుగా మాట్లాడతాడు. మేము తోతాపురి, బెంగళూరా అనే కాయను తమిళాయన కిలిమూకు అన్నాడు, అంటే చిలక ముక్కు. ముళబాగిలు ఆయన గిణిమూతి అన్నాడు, అదీ చిలక మూతే. కోస్తా వాళ్లకు ఇదే కలెక్టరు కాయ. కాయ ఒకటే, పిలుపులు ఇన్ని. దీన్ని తిరగేసిన సంగతి మధ్యాహ్నం సంగటి తినేటప్పుడు వచ్చింది.

అత్త పంపిన క్యారియర్ విప్పి, అందరికీ తలా ఒక ముద్ద పెట్టి, పైన ఊరిబిండి వేసి మామ నిట్టూర్చాడు. "అన్నగారు ఉండుంటే మనకు ఈ గతి పట్టేదా?"

"నిజం" అన్నాడు గుడియాత్తం ఆయన. "అన్నా ఉంటే కథే వేరే. ఏం చేస్తాం, అరవై తొమ్మిదిలో పోయినాడు."

మామ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "అరవై తొమ్మిది ఏందబ్బా? తొంభై ఆరు!"

"అరవై తొమ్మిదే. ఫిబ్రవరి. మా నాయన మెడ్రాసుకు పోయి ఆ జనంలో నలిగి వచ్చినాడు."

"తొంభై ఆరు జనవరి! నాకు తెలీదా?"

అంకెలు అటూ ఇటూ మారాయి, అంతే అనుకుంటూ నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ముళబాగిలు ఆయన మాత్రం ఇద్దరి మీదా జాలిపడ్డట్టు చూసి, "ఇద్దరూ తప్పే. అణ్ణావ్రు పోయింది 2006 ఏప్రిల్‌లో. ఆ రోజు నేను బెంగళూరులో బండితో ఇరుక్కుపోయినా" అన్నాడు.

అప్పుడర్థమైంది. ముగ్గురూ ముగ్గురు వేరే వేరే అన్నల గురించి మాట్లాడుతున్నారు. ఒకరు తమిళనాడు ముఖ్యమంత్రిగా చేసిన అన్నాదురై, ఒకరు ఎన్టీఆర్, ఒకరు కన్నడ నటుడు రాజ్‌కుమార్. మా మామకు అన్నగారంటే లోకంలో ఒక్కరే. తక్కిన ఇద్దరికీ అంతే.

ఆ తర్వాత రెండు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. పదిహేడేళ్ల వయసులో చైతన్యరథం మీద అన్నగారిని చూసిన కథ మామ నూటొకటోసారి చెప్పాడు. 1983లో గుడివాడతోపాటు మన తిరుపతిలోనూ నిలబడి రెండు చోట్లా గెలిచాడనీ, కిలో రెండు రూపాయల బియ్యం ఆయన చలవేననీ చెప్పేసరికి గుడియాత్తం ఆయన నవ్వాడు. "దానికన్నా ముందే మా అన్నా రూపాయికి ఒక పడి, అంటే ఒక కొలత బియ్యం ఇచ్చినాడు. 1967లో గెలిచినాక." రెండు రాష్ట్రాల్లోనూ అన్న అంటే అన్నమే అన్నమాట. మన దగ్గర అన్న క్యాంటీన్ అని పేరు పెట్టినవాళ్లు ఈ శ్లేష చూసే పెట్టి ఉంటారు. మద్రాసులో మాత్రం అది అమ్మ క్యాంటీన్ అయింది. అక్కడ అన్నను పార్టీ పేరులోనే పెట్టుకున్నారు, 1972లో ఎం.జి.ఆర్. పెట్టిన అన్నా డి.ఎం.కె. ఒక విధంగా అన్నాదురైకి అన్న అనేది పెట్టుడు పేరు కూడా కాదు, పేరులో మొదటి సగమే. ఎన్టీఆర్‌కు అది వేరే దారిలో వచ్చింది. సభల్లో ఆయన "తెలుగింటి ఆడపడుచులు" అనేవాడు. ఎదురుగా ఆడపడుచులు ఉంటే మాట్లాడేవాడు అన్న కాక మరేమవుతాడు?

ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని 1986లో చట్టం తెచ్చింది కూడా ఆయనే. అప్పటికి మా చిన్నత్తకు పెళ్లి కాలేదు. "అన్నగారు ఇచ్చినాడు, సొంతన్న ఇయ్యలా" అని ఆమె ఇప్పటికీ పండక్కి వచ్చినప్పుడల్లా అంటుంది. ఆ సొంతన్న మా నాయనే. ఈ ముక్క రోడ్డు మీద చెప్పలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

"మా అణ్ణావ్రు ఓట్లు అడగలేదు" అన్నాడు ముళబాగిలు ఆయన గర్వంగా. నిజమే, కన్నడం కోసం గోకాక్ ఉద్యమంలో ముందు నిలబడ్డాడు కానీ ఎన్నికల్లో నిలబడలేదు. నాకు నచ్చింది మరొకటి. 1954లో రాజ్‌కుమార్ హీరోగా తెర మీదికి వచ్చింది బేడర కణ్ణప్పగా, అంటే మన శ్రీకాళహస్తి కన్నప్పగా. ఆ సినిమానే తెలుగులో 'కాళహస్తి మహాత్మ్యం'గా తీశారు, ఆయన చేసిన తెలుగు సినిమా అదొక్కటే. కాళహస్తి మా ఇంటి నుంచి గంట ప్రయాణం. ఇన్నేళ్లూ గుడికి వెళ్తూ ఆ కన్నప్ప ముఖం కన్నడ అన్నదని తెలియకుండానే బతికాను. పైగా ఆయనకూ నటసార్వభౌమ బిరుదే. ఎన్టీఆర్‌కు ముందు విశ్వవిఖ్యాత అని కలిపారు కాబట్టి మామ కాస్త శాంతించాడు.

ఈలోగా కుర్రాళ్లు చేరారు. ముళబాగిలు బండి వెనక పునీత్ బొమ్మ, కింద పవర్ స్టార్. మనవాళ్లు ఊరుకుంటారా? పవర్ స్టార్ అంటే పవన్ కల్యాణ్ అని గోల. పునీత్ రాజ్‌కుమార్ చిన్న కొడుకనీ, 46 ఏళ్లకే 2021లో పోయాడనీ, తండ్రిలాగే కళ్లు దానం చేశాడనీ డ్రైవరు నెమ్మదిగా చెప్పాక గోల దానంతటదే తగ్గింది. తర్వాత సూపర్ స్టార్ కృష్ణా రజనీకాంతా అన్నది వచ్చింది, అది తేలేది కాదు. మెగాస్టార్ అంటే మలయాళంలో మమ్ముట్టి అని నేనంటే ఎవరూ నమ్మలేదు. రెబల్ స్టార్లు కూడా ఇద్దరే, మనకు కృష్ణంరాజు, కన్నడంలో అంబరీష్. ఇద్దరు రెబల్సూ చివరికి కేంద్రంలో సహాయ మంత్రులయ్యారు!

ఐదు గంటలకు గేటు కాడ వాచ్‌మన్ చెయ్యెత్తి గట్టిగా అరిచాడు. "అన్నా! నువ్వే, రా!"

మా ట్రాక్టరు స్టార్టయింది. వెనక లారీ స్టార్టయింది. ఆ వెనక ముళబాగిలు బండి కూడా.

వాచ్‌మన్ పిలిచింది వీళ్లలో ఎవరినీ కాదు. మా ముందు ట్రాక్టరు కుర్రాడిని. వాడు కాయల మీద టార్పాలిన్ కప్పుకొని గాఢనిద్రలో ఉన్నాడు. మామ ఇంజన్ ఆపి, దిగి వెళ్లి, ఇరవై ఏళ్లయినా నిండని ఆ పిల్లోడి కాలు తట్టాడు.

"అన్నా, లెయ్. నీ టోకెనే."