మూడో పేజీలో దొరికిన మొదటి వాక్యం

గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరుకు 150 మార్కులు. మూడు గంటల్లో మూడు వ్యాసాలు, అంటే గంటకొకటి, ఒక్కోటి దాదాపు వెయ్యి పదాలు. తెలుగులోనే కదా రాసేది, నాకేం భయం అనుకున్నాను మొదట్లో.

చిక్కడపల్లి లైబ్రరీలో నా పక్క కుర్చీలో చదువుకునే అక్క ఒకరోజు నా వ్యాసం అడిగి తీసుకుంది. అంశం తెలంగాణ చెరువులు. "జలమే జీవం" అని మొదలుపెట్టి, నాగరికతలన్నీ నదుల ఒడ్డునే పుట్టాయని ఒకటిన్నర పేజీ నడిపాను. తర్వాత కాకతీయులు, రామప్ప, పాకాల, లక్నవరం. ఆ వెంటనే చెరువుల పూడిక తీసి బాగుచేయడానికి 2015లో మొదలైన ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ. అక్క నా చేతికి పెన్సిలిచ్చి, ఏ పేరా ఏం చెబుతోందో పక్కన ఒక్క ముక్కలో రాయమంది. మొదటి నాలుగింటి పక్కన నేను రాసింది ఒకటే: నీళ్లు ముఖ్యం.

"మీదే ఊరు?" అంది. నర్సంపేట దిక్కు అన్నాను.

"మరి మీ ఊరి చెరువేది ఇందుల?"

ఉంది, మూడో పేజీ అడుగున. మా చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు కింది ఊరి చెరువులోకి పోతాయని, గొలుసుకట్టు అనే మాటకు వివరణగా ఒక్క వాక్యం రాసి వదిలేశాను. అక్క దాని కింద గీత గీసింది. "నీ వ్యాసం ఈడ మొదలైంది."

ఆ రాత్రి హాస్టల్లో మత్తడితోనే మొదలుపెట్టి మళ్లీ రాశాను. పై చెరువు నిండితేనే కింది చెరువుకు నీళ్లు. మధ్యలో కాలువ పూడ్చి ప్లాట్లు చేస్తే, కింద ఎంత పూడిక తీసినా చుక్క రాదు. ఇంత రాసేసరికి మిషన్ కాకతీయ పేరా తన చోటు తానే వెతుక్కుంది. చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటి గురించి బాపుకు ఫోన్ చేస్తే, తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ముందు పారించాలి అని అరగంట చెప్పాడు. అందులో రెండు వాక్యాలే తీసుకున్నాను. మిగతావి వదలడానికి మనసొప్పలేదు గానీ వదిలేశాను.

తెల్లారి డాబా మీద బయటికి చదివాను. కంటికి కనబడనివి చెవికి తగిలాయి. "పూడిక తీయడం జరిగింది", "నిధులు కేటాయించడం జరిగింది". లెక్కపెడితే పదకొండు "జరిగింది"లు. "పూడిక తీశారు" అంటే చాలదా?

పరీక్షలో తిరగరాసే టైముండదు. అందుకే ఇప్పుడు పేరాకో ముక్క చొప్పున ముందే రాసుకుంటున్నాను, పన్నెండు నిమిషాలు దానికే. రెండు ముక్కలు ఒకేలా ఉంటే అక్కడే ఒకటి కొట్టేస్తాను.

మూడో ప్రతి నిన్న అక్కకిచ్చాను. ఐదో పేరా దగ్గర పెన్సిల్ ఆగింది. "ఈ పేరా మత్తడి ఎటు దూకుతుంది?" అని రాసింది. చూస్తే నిజంగానే ఎటూ పోవడం లేదు. ఇవాళ దాన్ని పట్టుకుని కూర్చున్నాను.