పంపని రిప్లై

"ఇప్పుడు నాకు చాలా చిరాగ్గా ఉందండీ. మధ్యాహ్నం మాట్లాడుకుందాం" అని ఫోన్ పెట్టేసింది మా టీమ్ లీడ్. అరవలేదు, మొహం మాడ్చుకోలేదు. కీబోర్డ్ ముందుకు తోసేసి, వెళ్లి నీళ్లు తాగొచ్చింది.

అవతలివాళ్ల మెయిల్ మేమంతా చూశాం. తప్పంతా మాదేనట! నేనైతే మనసులో అప్పటికే ఘాటుగా ఓ రిప్లై రాసేశాను.

మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది. "అసలు అక్కడేం జరిగిందో చెప్పండి" అంటూ మొదలుపెట్టి చాలాసేపు వింది. మధ్యలో ఏదో అనబోయి, పెదవి బిగబట్టి ఆగిపోవడం చూశాను. అలాగని తగ్గిందా అంటే, లేదు. వాళ్లు పంపాల్సిన రిపోర్ట్ గడువు మాత్రం మారదని చివర్లో తేల్చి చెప్పేసింది.

ఓపికంటే అన్నీ దిగమింగడమే అనుకుంటాం. దిగమింగినవాళ్లు సాయంత్రం ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడతారు, అది వేరే కథ. ఈవిడ దిగమింగలేదు, చిరాకుగా ఉందని పైకే చెప్పింది. 2007లో మానసిక శాస్త్రవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం కొందరికి కోపంగా, భయంగా ఉన్న మొహాల ఫొటోలు చూపిస్తూ మెదడు స్కాన్ చేసింది. ఆ మొహంలోని భావమేంటో మాటల్లో చెప్పినప్పుడు, భయం లాంటివాటికి వెంటనే స్పందించే అమిగ్డలా అనే మెదడు భాగం జోరు తగ్గిందట.

ఇలాంటివాళ్లను "మెతక మనిషి" అని తీసిపారేసేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. అన్నట్టు, ఆ రిపోర్ట్ రేపు పొద్దున్నే పంపుతామన్నారు.