వాకిట్లో నాలుగు కార్లు

వాకిట్లో కార్లు ఊరికే పెట్టుకోమన్నందుకు మాట పడాల్సి వస్తుందని అనుకోలేదు.

అమెరికాలోని గ్రీన్ బేలో మేం అద్దెకుంటున్న ఇల్లు లాంబో ఫీల్డ్ స్టేడియానికి నడిచిపోయేంత దగ్గర. ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్ మ్యాచ్ రోజున ఎవరో వచ్చి, మీ ఇంటిముందు గడ్డిలో కారు పెట్టుకోవడానికి ఎంత అని అడిగారు. డబ్బులేం వద్దన్నాను. వెనకాలే ఇంకో మూడు కార్లొచ్చాయి. అందరికీ మంచినీళ్లు కూడా ఇచ్చాం. సాయంత్రం పక్కింటి పెద్దావిడ వచ్చి, "నువ్విలా ఊరికే ఇస్తే నాకు 40 డాలర్లు ఎవరిస్తారు? నా ఇంటి పన్నులో సగం ఈ డబ్బే" అంది. అరవలేదు గానీ, చీవాట్లే.

వాకిట్లోకి వచ్చినవాళ్లని డబ్బులడగడమేంటని నా రోషం నాది. తిరునాళ్లకొచ్చినవాళ్ల దగ్గర బండి పెట్టినందుకు వసూలు చేస్తామా? (ఉప్పల్లో మ్యాచ్ రోజున బైకు ఎవరు ఊరికే పెట్టనిస్తారో చెప్పమంది మా ఆవిడ. అది సిటీ కదా అన్నాను.)

అయినా ఆవిడ మాట బుర్రలోంచి పోలేదు. లక్ష పైచిలుకు జనం ఉన్న ఊళ్లో 81 వేల సీట్ల స్టేడియం. జట్టు ఇక్కడ ఆడేది సీజనుకి ఎనిమిదో తొమ్మిదో మ్యాచ్‌లు. హోటళ్లకీ బార్లకీ ఈ వీధుల గడ్డికీ అసలు గిరాకీ ఆ రోజుల్లోనే. జట్టుకొచ్చే సొమ్ములో పెద్ద ముద్ద టీవీ హక్కులూ వగైరా లీగు ఉమ్మడి ఆదాయానిది. దాన్ని లీగులోని 32 జట్లూ సమానంగా పంచుకుంటాయి కాబట్టే ఇంత చిన్న ఊరు న్యూయార్క్ సరసన నిలబడింది. ఏడాదికి 40 కోట్ల డాలర్లు దాటిన ఆ వాటాలో చాలా భాగం ఆటగాళ్ల జీతాలకే పోతుంది. సీజను అయ్యాక వాళ్లలో ఎంతమంది ఇక్కడుంటారు గనక!

పైగా పెట్టుబడీ ఇక్కడి జనానిదే. స్టేడియం బాగుచేయడానికి 2000లో ఓటేసి మరీ కౌంటీ అంతటా అర శాతం అమ్మకం పన్ను వేసుకున్నారు. 2015 దాకా కట్టారు. ఓక్లాండ్‌లోనూ జనం సొమ్ముతోనే స్టేడియం బాగుచేశారు, అయినా అక్కడి ఫుట్‌బాల్ జట్టు రైడర్స్ 2020లో లాస్ వేగస్‌కి మకాం మార్చేసింది. ఇక్కడ అలా ఎత్తుకుపోయే యజమాని లేడు. 1923 నుంచీ జట్టు షేర్లు జనానివే. డివిడెండు రాదు, బయట అమ్ముకోవడానికీ వీల్లేదు. మా ఆఫీసులో ఒకాయన ఆ 300 డాలర్ల షేరు కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంటే మొదట్లో నవ్వొచ్చేది.

వాకిట్లో డబ్బు పుచ్చుకోవడానికి నాకిప్పటికీ చెయ్యి రాదు. అందుకని మా గడ్డి కూడా పెద్దావిడకే అప్పగించాను, వసూళ్లు ఆవిడే చూసుకుంటోంది.

నా కడుపుమంట వేరే. మన డెక్కన్ చార్జర్స్ 2009లో కప్పు కొట్టింది. 2012లో యాజమాన్యం అప్పుల్లో మునిగితే జట్టే మాయమైంది. తర్వాతొచ్చిన సన్‌రైజర్స్ చెన్నై టీవీ కంపెనీది. ఆరెంజ్ చొక్కా వేసుకుని గొంతు చించుకోవడం వరకే మన వంతు. హైదరాబాద్ జట్టుకీ ఇలాంటి షేరు ఒకటి అమ్మి చూడమనండి, డివిడెండు లేకపోయినా ఉప్పల్ నుంచి డల్లాస్ దాకా ఎగబడతారు. మా ఆవిడ నన్ను కొననిస్తుందా అన్నది వేరే సంగతి.