ఫ్రిజ్‌లో రెడ్ వైన్

నిద్ర రావడం లేదు. ఇంట్లో 31 డిగ్రీలు. ఉన్న ఒక్క ఫ్యానూ చిన్నోడు తన గదికి లాక్కుపోయాడు. కానీ నన్ను లేపి కూర్చోబెట్టింది ఉక్కపోత కాదు, ఆ ‘అయ్యో’.

భోజనానికొచ్చిన పెద్దమనిషికి పారిస్‌లో ఇరవయ్యేళ్ళ కాపురం. నేను ఫ్రిజ్‌లోంచి సీసా తీయగానే, “అయ్యో, రెడ్ ఫ్రిజ్‌లో పెట్టావామ్మా!” అన్నాడు. నేనేదో పొయ్యి మీద పాలు పొంగించి నేలపాలు చేసినట్టు. ఆపైన రెడ్ రూమ్ టెంపరేచర్‌లోనే తాగాలని పావుగంట పాఠం. “అలాగా అన్నయ్యగారూ” అని నవ్వాను చూడండి, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. మా ఆయన వంకాయ కూరలోంచి తల ఎత్తితే ఒట్టు.

ఏ రూమండీ? ఆ మాట పుట్టింది 16, 18 డిగ్రీలుండే పాతకాలపు చలి గదుల్లో. జులైలో ఫ్రాన్స్‌లోని ఈ లియోన్‌లో, పెనంలా కాలే మా నాలుగో అంతస్తులో రెడ్ పోసుకుంటే ముక్కుకి కొట్టేది ఆల్కహాల్ ఘాటే.

పైగా నేను గుడ్డిగా కొనలేదు. కారం వంటకి, ఎండకి తగ్గది కావాలని కొట్టువాడిని అడిగాను. బోర్డో వైన్ల వైపు చూడనైనా చూడకుండా షిరూబ్ల్ అనే రెడ్ తీసిచ్చాడు. బోజొలే ప్రాంతంలో పేరున్న పది క్రూల్లో (అంటే సొంత పేరుతో వైన్ అమ్ముకునే తోటల ప్రాంతాల్లో) అందరికంటే ఎత్తున ఉన్న కొండ తోటలు దానివి. ద్రాక్ష రకం పేరు గమే. గుత్తుల్ని చిదమకుండా అలాగే తొట్టిలో పోస్తారు, పండు లోపల్లోపలే పులవడం మొదలవుతుంది. అందుకే తొక్కలోని వగరు పెద్దగా దిగదు. వగరు ఎక్కువున్న వైన్‌తో గుత్తి వంకాయ తిని చూడండి, కారం రెండింతలవుతుంది.

వగరంటే నాకెప్పుడూ అమ్మమ్మ పెరట్లో నేరేడు చెట్టే. తొలకరికి రాలిన పళ్ళు కడిగి, సత్తు గిన్నెలో వేసి, ఉప్పు చల్లి, మూత పెట్టి గలగలా కుదిపేది. “కుదిపితే వగరు చస్తుందే” అనేది. చచ్చేది కాదు, కాస్త మెత్తబడేది. దొంగతనంగా ఉప్పు లేకుండా తిన్నవాళ్ళని నాలుక చాపమనేది. ఊదారంగు అందరికీ ఉండేది, కానీ పళ్ళికిలించినప్పుడు మొహం ముడుచుకున్నవాడు దొరికిపోయేవాడు. ఎక్కువసార్లు నేనే. అమ్మమ్మకి ఈ షిరూబ్ల్ ఒక్క గుక్క పోస్తే, “ఇది కుదిపిన నేరేడేనే” అనేదేమో. (ముందు చీపురు తిరగేసేదనుకోండి.)

1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఈ గమేని నమ్మకద్రోహి అని తిట్టి, తీగలు పీకేయమన్నాడట. మా అతిథిది ఆ డ్యూక్ వంశమే అయ్యుంటుంది.

ఇంతవరకూ టైప్ చేశాక ఒకటి ఒప్పుకోవాలి. సీసా కాసేపే పెట్టి తీయాల్సింది, పొద్దున్న పెట్టి మర్చిపోయాను. 12, 13 డిగ్రీలుండాల్సింది నీళ్ళ సీసాలా అయిపోయింది. మొదటి గ్లాసులో వాసనే లేదు. ఆయన చెప్పిన కారణం తప్పే గానీ, మొహం చిట్లించడం తప్పు కాదు. ఇంకోటి. కిందటి నెల వాళ్ళింట్లో ఫ్రిజ్‌లో ఆవకాయ జాడీ చూసి, వాళ్ళావిడ ముందు నేను ఏమన్నాను? “అయ్యో, ఆవకాయ ఫ్రిజ్‌లో పెట్టారా!” అచ్చం అదే రాగం.

అయినా పావుగంట పాఠం చెప్పలేదు నేను. ఐదు నిమిషాలు, అంతే.

గ్లాసులో పోసి కాసేపు వదిలేశాక స్ట్రాబెర్రీ వాసన వచ్చింది. అప్పుడు మూడోసారి పోయించుకున్నది ఎవరో చెప్పక్కర్లేదు.

అడుగున ఒక గ్లాసుడు మిగిలింది. ఇందాకే తీసి వంటింటి గట్టు మీద పెట్టాను, చలి విరగాలని. ఇప్పటికి విరిగే ఉంటుంది.